సై అనడం తేలికే, వెనక్కి రావడమే కష్టం

మనవాళ్ళకి కొండెక్కడం అంటే పైన ఎవరో ఒక దేవుడుండాలి. తిరుమలైనా సింహాచలమైనా ఎక్కేది దర్శనానికే. అందుకే ఫోన్లో మా అమ్మ అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇంతకీ ఆ పైన ఏముందిరా?" ఏమీ లేదమ్మా, రాళ్ళున్నాయి అంటాను. "రాళ్ళ కోసం సెలవు రోజు పొద్దున్నే లేస్తున్నావా! కాలేజీకి లేపితే లేచేవాడివి కాదే" అంటుంది. దీనికి నా దగ్గర సమాధానం లేదు లెండి :)

నేనుండేది సియాటెల్ పక్కన, బెల్‌వ్యూలో. ఐ-90 మీద తూర్పుకి ఓ అరగంట పోతే నార్త్ బెండ్ అనే చిన్న ఊరొస్తుంది. ఆ ఊరి నెత్తిమీదే మౌంట్ సై. జోసయా మెరిట్ అని ఒకప్పుడు ఆ కొండ కింద కాపురమున్న పెద్దాయన ముద్దుపేరు 'అంకుల్ సై', ఆయన పేరే కొండకి పెట్టారు. మనకి మాత్రం 'సై అంటే సై' గుర్తొస్తుంది, మా బ్యాచ్‌కి సరిగ్గా సరిపోయింది కూడా.

రానూ పోనూ 8 మైళ్ళు, ఎక్కాల్సిన ఎత్తు 3,150 అడుగులు. పోలిక కోసం చెప్తున్నా, తిరుమల కొండ సముద్రమట్టం నుంచి లెక్కేసినా సుమారు 2,800 అడుగులే. పైగా అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, పైన కప్పుంది, లైట్లున్నాయి, అడుగడుగునా తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఇక్కడ చెట్లూ వానా తప్ప ఏమీ ఉండవు. మౌంట్ రెయినియర్ ఎక్కాలనుకునేవాళ్ళు వీపున బరువులేసుకుని వచ్చి ఈ కొండ మీదే ప్రాక్టీసు చేస్తుంటారు.

అసలు విషయానికొస్తాను. దర్శనం చేసుకోకుండా సగం మెట్ల దగ్గర్నుంచి తిరిగొచ్చేయడం అన్నది మన ఊహకే అందదు. మొక్కుకున్నాక మోకాళ్ళ మీదైనా ఎక్కాల్సిందే. గుడి కొండకి అది బానే ఉంటుంది, నలుగురూ ఉంటారు, పడితే లేపుతారు. ఆ మొక్కుబుద్ధిని ఈ కొండల మీదకి మోసుకురావడంతోనే నా పేచీ.

మూడేళ్ళ క్రితం నవంబరు చివర్లో ఐదుగురం బయల్దేరాం. ఒక ఫ్రెండు బావమరిది ఇండియా నుంచి కొత్తగా వచ్చాడు. ఒంటిమీద జీన్సు, నూలు స్వెట్‌షర్టు. ఇంటి దగ్గర అందరూ తెమిలి నడక మొదలుపెట్టేసరికే పదకొండు. ఎక్కడున్నా సరే ఒకటిన్నరకి వెనక్కి తిరగాలి అని కిందే అనుకున్నాం, అందరూ సరే అన్నారు.

ఒకటిన్నరకి పైకి ఇంకా మైలు దూరం లోపే ఉంది. సన్నటి వాన. నూలు బట్ట తడిసిందంటే వెచ్చదనం ఇవ్వదు సరికదా ఉన్న వేడి కూడా లాగేస్తుంది. గడ్డకట్టేంత చలి లేకపోయినా మనిషి చల్లబడిపోవచ్చు. ఆ అబ్బాయి మాటలు తగ్గించేశాడు, చేతులు వణుకుతున్నాయి. మా ఫ్రెండు మాత్రం, "ఇంకో ముప్పావుగంటరా! వీణ్ణిక్కడ కూర్చోబెట్టి వెళ్ళొద్దాం, దిగేటప్పుడు తీసుకెళ్దాం" అన్నాడు. వద్దు, దిగితే అందరం దిగుదాం అన్నాను. "మావాడి సంగతి నాకు తెలీదా?" అని గొంతు పెంచాడు. ఆ అబ్బాయేమో, "నాకేం పర్లేదు బావా, మీరు వెళ్ళిరండి" అన్నాడు.

మనవాళ్ళ "నాకేం పర్లేదు"కి విలువెంతో మీకు తెలుసు. నూటమూడు జ్వరంలో ఉన్నా చుట్టాలింట్లో అదే మాట అంటాం.

లెక్క చాలా చిన్నది. పైకి ముప్పావుగంట, అక్కడ ఫొటోలు, మళ్ళీ ఇక్కడికి రావడానికి అరగంట. అంటే మూడు దాటుతుంది. ఆ నెలలో ఇక్కడ సూర్యాస్తమయం నాలుగూ ఇరవై ప్రాంతంలో, చెట్ల కింద చీకటి ఇంకా ముందే పడుతుంది. ఈలోపు తడిబట్టలతో ఒక మనిషి కదలకుండా గంటన్నర కూర్చోవాలి. నా దగ్గరున్న ఫ్లీసు ఆ అబ్బాయికి తొడిగి, నేను కిందికి నడక మొదలుపెట్టాను. కాసేపటికి అందరూ వచ్చారు. ఆ అబ్బాయి మోకాళ్ళు కూడా పట్టేయడంతో కార్లు చేరేసరికి నాలుగుంబావు, ఆఖరి అరమైలు హెడ్‌ల్యాంపు వెలుగులోనే. కార్లో ఒక్కరూ నోరు విప్పలేదు. మా ఫ్రెండు నాతో రెండు నెలలు మాట్లాడలేదు. బావమరిది ముందు చిన్నతనం అయిందని అతని బాధ.

వెనక్కి తిరగడంలో చిక్కు ఇదే, అది సరైన పనేనని చూపించడానికి రుజువంటూ మిగలదు. ముందుకెళ్ళినా బహుశా ఏమీ అయ్యేది కాదు. మా వృత్తిలో కూడా అంతే కదా, రిలీజు ఆపినవాడికి తిట్లే గానీ జరగని క్రాష్‌కి దండ వేసేవాడుండడు. రెయినియర్ మీద ఏటా శిఖరానికి బయల్దేరినవాళ్ళలో దాదాపు సగంమంది చేరకుండానే తిరిగొస్తారు. గైడ్లు దాన్ని ఓటమి అనరు, వాతావరణం బాలేదు అంటారు, అంతే.

సియాటెల్లోనే 1906లో పుట్టిన 'ది మౌంటెనీర్స్' క్లబ్బువాళ్ళు తప్పనిసరిగా తీసుకెళ్ళాల్సిన పది రకాల సామాన్ల జాబితా ఒకటి తయారుచేశారు. మ్యాపు, దీపం, అదనపు బట్టలు, అదనపు తిండి వగైరా. అవి సంచీలో పెట్టుకోండి. ఫోను టార్చి దీపం కింద లెక్కకి రాదు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టండి. తిరగాల్సిన టైము ఇంట్లోవాళ్ళకి మెసేజి పెట్టి మరీ బయల్దేరండి. తప్పిపోతే వెతకడానికొచ్చేది ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే, అర్ధరాత్రి మంచం దిగి రావాల్సింది వాళ్ళే. ఒక మనిషిని దారిలో కూర్చోబెట్టి మిగతావాళ్ళు ఎక్కేదాన్ని మాత్రం నేను ట్రెక్కు అనను.

ఆ ఫ్రెండూ నేనూ ఇప్పుడు మళ్ళీ కలిసే వెళ్తున్నాం. "ఆరోజు ఎక్కేసుండేవాళ్ళంరా" అని ఇప్పటికీ అంటాడు. అవునేమోరా అంటాను. కానీ కారు దిగగానే "ఎన్నింటికి తిరుగుదాం?" అని ముందు అడుగుతున్నది మాత్రం అతనే.