నారి ఎక్కించే ముందు ఒక్క నిమిషం

విల్లు ప్రమాదం అని అందరూ అంటారు. కానీ అందరి చూపూ బాణం మొన మీదే ఉంటుంది. బాణం ఎటు వెళ్తుందో కనీసం మనకి తెలుసు. నారి ఎక్కించేటప్పుడు పట్టు జారితే మాత్రం విల్లు బద్ద ఎటు తన్నుతుందో చెప్పలేం. అది తన్నే దూరంలోనే మన మొహం ఉంటుంది.

పురాణాల్లో కూడా ఇదే గొడవ. ద్రౌపది స్వయంవరంలో రాజులు గురి దాకా వెళ్లనే లేదు. నారి ఎక్కించబోతే ఆ విల్లే తన్ని కింద పడేసింది. శివధనుస్సు విరిగింది కూడా రాముడు నారి ఎక్కించి లాగినప్పుడే. గ్రీకుల ఒడిస్సీలో పెనెలోపిని పెళ్లాడదామని వచ్చినవాళ్లు నారి దగ్గరే చేతులెత్తేశారు. గురి కన్నా ముందు వచ్చే పరీక్ష నారి.

మాది మాడుగుల. ఊరి పేరు చెప్తే చాలు, "హల్వా తెచ్చావా?" అంటారు. కానీ ఊరు దాటి పాడేరు ఘాట్ ఎక్కితే అది విల్లంబుల దేశం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు పట్టుకెళ్లింది. ఆ పోరాటంలో మన్యం వీరుల చేతుల్లో విల్లంబులూ ఉన్నాయి.

మా మేనల్లుడికి పదమూడేళ్లు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు కొట్టింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ధీరజ్ బొమ్మదేవర, అంకితా భకత్ మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లారు. ఆ వీడియోలు చూసీ చూసీ వీడికి విల్లు పిచ్చి పట్టింది. "మావయ్యా, ఒక చెక్క విల్లు కొనిపెట్టవా?" అని రోజూ ఫోన్.

అక్క మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది: "కన్ను పోతే నువ్విస్తావేటిరా?"

బావ పోయాక అక్కకి ఆ గుంటడే లోకం. ఆ మాటకి నవ్వలేకపోయాను. పైగా విల్లు గురించి తెలుసుకుందామని వెళ్లిన ఒక గ్రౌండ్‌లో నా కళ్లముందే ఒక పిల్లాడికి దెబ్బ తగిలింది. విల్లులో కాలు దూర్చి, తొడతో వంచి నారి ఎక్కిస్తున్నాడు. బద్ద జారింది. దవడకి నాలుగు కుట్లు. పక్కనే సంచిలో స్ట్రింగర్ ఉంది, ఎవరూ బయటికి తియ్యలేదు. ఈ సంగతి అక్క దగ్గర దాచలేదు. దాచి ఒప్పిస్తే అది ఒప్పించడం కాదు కదా.

ఇంతకీ స్ట్రింగర్ అంటే ఏంటి? ఒక గట్టి తాడు, రెండు చివర్లా పట్టు. అంతే. విల్లు రెండు బద్దల్నీ ఒకేసారి, సమానంగా వంచుతుంది. కాలు దూర్చి వంచితే బలం ఒక పక్కకి పడి బద్ద మెలి తిరగొచ్చు. ఒకసారి మెలి పడితే నారి మధ్యలో కూర్చోదు.

మార్కెట్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానికి రెండు చివర్లా తోలు సంచుల్లాంటి తొడుగులు ఉంటాయి. రెండోదానికి ఒక చివర తొడుగు, ఇంకో చివర బద్ద మీద కూర్చునే రబ్బరు దిమ్మ. కొనల దగ్గర వెనక్కి వంపు తిరిగిన రికర్వ్ విల్లుకి రబ్బరు దిమ్మ రకం ఎక్కువగా వాడతారు. వెడల్పు తక్కువున్న లాంగ్‌బో బద్ద మీద ఆ దిమ్మకి సరిగా చోటు దొరకదు, జారే భయం ఉంటుంది. దానికి రెండు తొడుగుల రకమే నయం. జ్యోతి సురేఖ వాడే కాంపౌండ్ విల్లుకి ఇవేవీ పనికిరావు. దానికి ప్రెస్ అనే వేరే యంత్రం కావాలి. కొరియా, టర్కీ తరహా విల్లులకి కొనలు బాగా వెనక్కి వంగి ఉంటాయి. తెలిసినవాళ్లని అడక్కుండా వాటి మీద మామూలు స్ట్రింగర్ వెయ్యొద్దు.

కొనేముందు నేను చూసినవి ఇవీ. తొడుగులో విల్లు కొన లోపలి దాకా దిగి గట్టిగా కూర్చోవాలి. పై కొనకి తొడుగు పెట్టినా నారి పడాల్సిన గాడి మూసుకుపోకూడదు. రబ్బరు దిమ్మ వేలితో తోస్తే జారకూడదు. దాని మీద దుమ్మూ నూనే ఉండకూడదు. తాడు సాగకూడదు, పీచు లేవకూడదు. ముడులు ఉంటే లాగి చూడాలి. తాడు మరీ పొడుగైతే విల్లుని ఛాతీ దాకా ఎత్తాల్సొస్తుంది, మొహం దగ్గరవుతుంది. మరీ పొట్టిదైతే కాలు పెట్టే చోటుండదు. మన విల్లు ఎన్ని పౌండ్లదో చెప్పి, ఆ బలానికి సరిపోతుందా అని అడగాలి. 30 పౌండ్లంటే దాదాపు 13.6 కిలోలు. బియ్యం బస్తా కాకపోయినా, జారితే తక్కువేం కాదు.

వాడే పద్ధతి కూడా కష్టం కాదు. నారి చిన్న ఉచ్చు కింది గాడిలో, పెద్ద ఉచ్చు పై బద్ద మీదికి జరిపి ఉంచాలి. కింది కొనకి తొడుగు, పై బద్ద మీద ఉచ్చు దాటాక దిమ్మ. నారి వైపు నేలకి తిప్పి, తాడుని తొక్కిపట్టి, పిడి పట్టుకుని నిటారుగా పైకి లాగాలి. ఉచ్చు గాడిలో పడ్డాక వెంటనే వదలకూడదు. రెండు ఉచ్చులూ చూసుకుని మెల్లగా దించాలి. ఇంతసేపూ మొహం విల్లు మీదికి వంచకూడదు. నారి దింపడానికీ ఇదే పద్ధతి.

ఘాట్ పైన ఒక ఊళ్లో ఒక తాతగారిని కలిశాను. వెదురు విల్లు కొన నేలకి ఆనించి, ఒంటిచేత్తో వంచి, పది సెకన్లలో నారి ఎక్కించేశారు. స్ట్రింగర్ చూపిస్తే తిప్పి తిప్పి చూశారు. "ఇది లేకుండా ఎక్కించలేరా?" అని వెక్కిరిస్తారనుకున్నాను. ఆయన మాట వేరేగా ఉంది. "నా విల్లు నేనే చెక్కాను బాబూ. ఎక్కడ బలమో, ఎక్కడ బలహీనమో నా చేతికి తెలుసు. మీరు కొన్నదాని గురించి మీకేం తెలుసు?" అన్నారు. ఆయన ఎక్కించేటప్పుడు గమనించాను, మొహం పూర్తిగా పక్కకి తిప్పే ఉంది.

ఆ రాత్రి అక్కకి ఏ వీడియో చూపించలేదు. స్ట్రింగర్ చేతికిచ్చి, తననే నారి ఎక్కించమన్నాను. మొదటిసారి దిమ్మ సరిగా కూర్చోలేదు, తనే గమనించి ఆపేసింది. రెండోసారి ఎక్కింది. కాసేపు విల్లుని అటూ ఇటూ తిప్పి చూసి ఒక షరతు పెట్టింది: వాడు ఎప్పుడు ఎక్కించినా తను పక్కనుండాలి, స్ట్రింగర్ లేకపోతే ఆ రోజు ఆట లేదు.

వాడు మొహం మాడ్చుకున్నాడు. అయినా ఒప్పుకున్నాడు.

మీరూ విల్లుకి డబ్బులు జమ చేస్తుంటే, అందులో కొన్ని వందలు ముందే స్ట్రింగర్ కోసం పక్కన పెట్టండి. ఇంట్లో ఎవరైనా భయపడుతుంటే వాళ్లతో వాదించకండి. ఆ తాడు వాళ్ల చేతికే ఇవ్వండి.