ఇంజిన్‌కీ వేవిళ్లు!

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, సస్క్వెహానా నది ఒడ్డున ఉంటుంది విలియమ్స్‌పోర్ట్. పిల్లల బేస్‌బాల్ పోటీ 'లిటిల్ లీగ్' 1939లో పుట్టిన ఊరిది. చిన్న విమానాలకు గుండెకాయలాంటి లైకమింగ్ ఇంజిన్లు తయారయ్యేదీ ఇక్కడే. పైలట్ శిక్షణకు వాడే చాలా సెస్నా 172ల్లో ఉండేవి ఇవే.

ఈ ఇంజిన్లకో చిత్రమైన జబ్బు వస్తుంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణుకుతుంది... కాస్త వేడెక్కగానే సర్దుకుంటుంది. మెకానిక్‌లు దీన్ని 'మార్నింగ్ సిక్‌నెస్' అంటారు. అంటే వేవిళ్లన్నమాట! పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు కాడ చుట్టూ మసి పేరుకుని, అది బిగుసుకుపోవడమే కారణం. తగ్గిపోయింది కదా అని వదిలేస్తే, ఏదో ఒకరోజు ఆకాశంలో ఉండగానే వాల్వు ఇరుక్కుపోవచ్చు.

వాల్వు అంచు కాలిపోవడం మరో జబ్బు. సిలిండర్‌లోకి గాలి పంపి, పొగగొట్టం దగ్గర చెవి పెడతారు. బుస్సుమని వినిపిస్తే వాల్వు లీకవుతున్నట్టే. స్పార్క్‌ప్లగ్ రంధ్రంలోంచి సన్నని కెమెరా దించీ చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న వాల్వు మీద రంగులు గుండ్రంగా, సమానంగా ఉంటాయి. ఒక్క అంచునే రంగు మారిందంటే ప్రమాదమే.

కారు మొరాయిస్తే రోడ్డు పక్కన ఆపుకోవచ్చు. విమానానికి ఆ వీల్లేదు. అందుకే పొద్దుటి వణుకును తేలిగ్గా తీసుకోకూడదు!