విజయనగరం చూశారు సరే, విన్నారా?

ఏమండీ, విశాఖపట్నం దాకా వెళ్లారట, బీచి చూశారట, అరకు తిరిగారట, అటునుంచి అటే ఇంటికి వచ్చేశారట! పక్కనే అరవై కిలోమీటర్లలో విజయనగరం ఉందని ఎవరూ చెప్పలేదా? ఒకవేళ చెప్పినా కోట ఉంది, గంటస్తంభం ఉంది, పైడితల్లి అమ్మవారి గుడి ఉంది అని చెప్పి ఊరుకుని ఉంటారు. ఉన్నాయి, కాదనను. 1713లో పునాది వేసిన కోట అది. వాటన్నిటికీ ఒక పూట చాలు. ఆ ఊరికి అసలు వెళ్లాల్సింది వినడానికండీ. మీకు పాటంటే ఇష్టమని తెలుసు కాబట్టే ఇంత చొరవ తీసుకుని చెబుతున్నాను.

ముందు సంగీత కళాశాల సంగతి చెప్పుకుందాం. 1919 ఫిబ్రవరి 5న విజయనగరం మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజు దాన్ని పెట్టారు. అప్పటి పేరు విజయరామ గాన పాఠశాల. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదనీ, ఆ కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న తలపుతోనే బడి మొదలైందనీ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్క పిల్లాడి కోసం మొదలుపెట్టి ఊరి పిల్లలందరికీ తలుపులు తీశారన్నమాట. దక్షిణాదిలో సంగీతానికని పుట్టిన తొలి బడుల్లో అదొకటి.

దానికి మొదటి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఆదిభట్ల నారాయణదాసు గారు! హరికథా పితామహుడు. అజ్జాడలో 1864లో పుట్టిన మనిషి. ఆయన కథ చెప్పడం ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోండి. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చిరతలు. పాడేదీ ఆయనే, ఆడేదీ ఆయనే, మధ్యలో వచనం చెప్పి నవ్వించేదీ ఆయనే. రెండు చేతులూ రెండు కాళ్లూ తలా తలో తాళం పట్టుకుంటే ఐదు తాళాలూ ఒక్కచోటికి తెచ్చి పల్లవి పాడేవారట. అందుకే ఆయన్ని పంచముఖి పరమేశ్వరుడన్నారు. మనం రెండు చేతులతో రెండు తాళాలు వేయబోతేనే చెయ్యి తడబడుతుంది, కావాలంటే ఇప్పుడే వేసి చూడండి.

అక్కడితో ఆగలేదు ఆయన. ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఒక పక్క సంస్కృతంలోకి, మరో పక్క అచ్చ తెలుగులోకి తెచ్చారు. కాళిదాసునీ షేక్‌స్పియర్‌నీ పక్కపక్కన పెట్టి నవరసతరంగిణి రాశారు. ఇన్ని తెలిసిన మనిషి రాత్రంతా ఊరి జనం మధ్య నిలబడి కథ చెప్పాడు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది అదే. పండితుడికీ అర్థమయ్యేది, పొలం పని చేసుకుని వచ్చి కూర్చున్నవాడికీ అర్థమయ్యేది. పాండిత్యాన్ని అంత ధారాళంగా పంచిపెట్టిన మనిషి మన భాషలో మరొకరు కనిపించరు నాకు.

ఇక ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. చిన్నప్పుడు చూపు మందగించి బడి చదువు మానేశారు. అన్నగారి దగ్గర ఫిడేలు పట్టారు. ఇరవై ఆరేళ్ల వయసులో ఈ గాన పాఠశాలలో విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయించింది విని, ఈయనకు నేర్పేదేముంది, ఈయన చేతే నేర్పిద్దామని ఏకంగా అధ్యాపకుణ్ని చేశారని చెబుతారు. 1936లో దాసుగారి తర్వాత ఆయనే అధ్యక్షుడయ్యారు. ఎంతసేపూ గాయకుడి పక్కన కూర్చునే ఫిడేలును తానొక్కటే కచేరీ నిలబెట్టగల వాద్యంగా చూపించిన వాళ్లలో ఆయనది ముందువరస. పాత రికార్డులు దొరుకుతాయి, వినండి. కమాను లాగడంలో తొందర ఉండదు. ఒక స్వరం మీదికి వచ్చి దాని మాధుర్యమంతా పిండి గానీ వదలరు. మద్రాసు సంగీత అకాడమీ 1941లో సంగీత కళానిధి ఇచ్చింది.

మరి ఘంటసాల? ఆయన కృష్ణా జిల్లా కుర్రాడు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆ తండ్రి కోరిక. అది పట్టుకుని తెలిసినవాళ్లెవరూ లేని విజయనగరానికి ఒంటరిగా వచ్చాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు, సాలూరి చినగురువు గారంటారే, ఆయన తన ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పారు. తిండి మాట? జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం చేసుకున్నాడు. ఏ గుమ్మంలో ఏ తల్లి ఇంత ముద్ద వేసిందో, వాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు. తర్వాత ముప్పయ్యేళ్లు తెలుగు నేలంతా ఊగిపోయిన ఆ గొంతు వెనక ఆ ముద్దలున్నాయి.

నా నమ్మకం చెప్పమంటారా? రాజు బడి పెట్టాడు, ఊరు అన్నం పెట్టింది. సంస్థానాలు దేశంలో ఎన్ని లేవు? రాజులు విద్వాంసులకు శాలువాలు కప్పని చోటేది? ఇక్కడ మాత్రం పాట కోసం వచ్చిన పిల్లాడికి పెట్టడం తమ పనే అనుకున్నారు గృహస్థులు. అందుకే దర్బారులు పోయినా సంగీతం పోలేదు. పి.సుశీల గారు పుట్టింది ఆ ఊళ్లోనే, డిప్లొమా చేసింది ఆ కళాశాలలోనే.

నాటకం ఊసెత్తకపోతే విజయనగరం వాళ్లు నన్ను క్షమించరు. 1892 ఆగస్టు 13న జగన్నాథ విలాసినీ సభ వాళ్లు కన్యాశుల్కం తొలిసారి ఆడింది అక్కడే. గురజాడ అప్పారావు గారు మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పారు, సంస్థానంలో శాసనాలు పరిశోధించారు. మహారాజు ఆనంద గజపతి ప్రోత్సాహంతో ఆ నాటకం రాశారు, అచ్చయ్యాక ఆయనకే అంకితమిచ్చారు. నాటకంలో గిరీశం మొదటిసారి నోరు విప్పేది కోట దగ్గరి బొంకులదిబ్బ మీదే. పుస్తకం చదువుకుని వెళ్లి ఆ తావులో నిలబడండి. మధురవాణి మాట్లాడిన తెలుగు, బజారులో ఇప్పుడు వినపడే తెలుగు ఎంత దగ్గరో మీకే తెలుస్తుంది. గురజాడ వారి ఇల్లు కూడా ఊళ్లోనే ఉంది, తప్పకుండా వెళ్లండి.

పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ చెప్పకుండా వదిలేస్తానా! విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం అది. అమ్మవారు పూజారి కలలో కనిపించి ఏ చింతచెట్టు కోయాలో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టును తెచ్చి, చెక్కి, యాభై అడుగులు దాటే మానుగా చేసి బండి మీద నిలుపుతారు. మాను కొసన ఆసనం, ఆసనంలో పూజారి. ఆ పూట ఆయనే పైడితల్లి. ముందు బెస్తవారి వల నడుస్తుంది, తెల్ల ఏనుగు నడుస్తుంది, పాలధార నడుస్తుంది, అంజలి రథం నడుస్తుంది. అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగాలి. మాను కదిలినప్పుడల్లా కొస ఊగుతుంది, కింద లక్షల జనం ఒక్కసారి చేతులెత్తుతారు. అరటిపళ్లు విసురుతారు. వీధిలో పులివేషాలు, కర్రసాము, తప్పెటగుళ్లు. తప్పెటగుళ్లు చూశారా ఎప్పుడైనా? రొమ్ము మీద గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో గెంతుతూ పాడతారు ఉత్తరాంధ్ర యాదవులు. వాయించేవాడే గాయకుడు, గాయకుడే ఆటగాడు. నారాయణదాసు గారు వేదిక మీద చేసిందాన్ని వీధిలో చూస్తున్నట్టే అనిపిస్తుంది నాకు. ఆ గడ్డ మీద పుట్టి పెరిగిన మనిషి చెవిన ఈ దరువు పడకుండా ఉంటుందా?

ముందురోజు సోమవారాన్ని తొలేళ్లంటారు. ఆ రాత్రి రైతులు అమ్మవారి దగ్గరికి వచ్చి విత్తనాలు తీసుకుంటారు. వాటిని తమ విత్తనాల్లో కలిపి చల్లితే పంట బాగుంటుందని విశ్వాసం. పండగకి వెళ్లినవాళ్లు చాలామంది ఇది చూడకుండానే తిరిగొస్తారు. మీరు అలా చేయకండి.

ఒకటి మాత్రం మనసు విప్పి చెప్పాలి. నూరేళ్లు దాటిన ఆ సంగీత కళాశాలకు వచ్చే యాత్రికులు తక్కువ. గొప్పవాళ్ల పేర్లు చెప్పుకుని మురిసిపోవడం మనకు బాగా అలవాటు. ఇవాళ అక్కడ కూర్చుని సరళీ స్వరాలు పాడుతున్న పిల్లల్ని ఎవరు పట్టించుకుంటున్నారు? పనిదినం చూసుకుని వెళ్లండి, అనుమతి అడిగి కాసేపు పాఠం వినండి. గాత్రం ఉంది, వీణ ఉంది, ఫిడేలు ఉంది, మృదంగం ఉంది, నాట్యం ఉంది. మీ ఊళ్లో పాడాలని తపన పడే పిల్లలుంటే వాళ్ల చెవిన వేయండి. సాయంత్రం ఊళ్లో ఎక్కడైనా కచేరీ ఉందేమో కనుక్కోండి, ఉంటే రైలు మార్చుకునైనా సరే కూర్చుని వినండి.

ఇక ప్రయాణం సంగతి. పండగకి అయితే సోమవారం పొద్దుటికే చేరుకోండి, గది ముందే చూసుకోండి. మంగళవారం మధ్యాహ్నం దాటితే మూడులాంతర్ల కూడలి నుంచి కోట దాకా అడుగు పెట్టే చోటుండదు.