కిలోమీటరుకు ఎంత పడింది?

మా ఇంటి పద్దులో హోమ్‌లోను, పిల్లల ఫీజుల తర్వాత పెద్ద ఖర్చు పెట్రోలే. ఉద్యోగం ఖమ్మంలో, అమ్మానాన్నలు విజయవాడలో. 2017లో కొన్న చిన్న పెట్రోల్ కారు ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. బంకుకు వెళ్లిన ప్రతిసారీ "సాదానా, ప్రీమియమా సార్?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. మంచి పెట్రోల్ పోయిస్తే ఇంజన్ పదికాలాలు ఉంటుందని, మైలేజీ పెరుగుతుందని తెలిసినవాళ్లూ చెబుతుంటారు. నేను మాత్రం ఈ సంగతి లెక్కల పుస్తకంతోనే తేల్చుకున్నాను.

ముందు ఆక్టేన్ అంటే ఏమిటో చూద్దాం. అది పెట్రోల్ బలమని చాలామంది అనుకుంటారు కానీ దాన్ని ఓర్పు అనడమే సబబు. సిలిండర్‌లో పిస్టన్ ఎంత నొక్కినా, స్పార్క్ ప్లగ్ దగ్గర రేగిన మంట తనదాకా వచ్చేవరకు తనంతట తాను అంటుకోకుండా ఆగగలిగే గుణమే ఆక్టేన్. ఆగలేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. మెకానిక్‌లు దాన్నే నాకింగ్ అంటారు. అది ముదిరితే పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్ పాడవుతాయి. ఇప్పటి చాలా కార్లలో నాక్ సెన్సర్ ఉంటుంది కాబట్టి స్పార్క్‌ను కాస్త వెనక్కి జరిపి ఇంజన్ తనను తాను కాపాడుకుంటుంది. ఆ మేరకు పికప్పూ మైలేజీ తగ్గుతాయి.

నా కారు మాన్యువల్ అడిగింది 91 ఆక్టేన్. అలాంటి ఇంజన్‌కు అంతకు మించిన ఆక్టేన్ పోస్తే పెద్దగా ఒరిగేదేమీ లేదు. పైగా పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ ఆక్టేన్ సహజంగానే ఎక్కువ. 20 శాతం కలిపాక సాదా పెట్రోలే 95 ఆక్టేన్‌కు చేరిందని 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖే చెప్పింది. అలాంటప్పుడు 95 ఆక్టేన్ ప్రీమియానికి మనం ఇచ్చే అదనపు డబ్బు చాలామటుకు అందులో కలిపే క్లీనింగ్ రసాయనాలకే వెళుతుంది. ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకోకుండా అవి కొంత సాయపడతాయి. అయితే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. వాల్వుల మీదుగా పోదు కాబట్టి ఆ ఉపయోగమూ అక్కడ ఉండదు. టర్బో ఇంజనై, ఎక్కువ ఆక్టేన్ వాడమని కంపెనీయే రాసి ఉంటే మాత్రం ఆ మాట పాటించాల్సిందే.

ఇక ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ సంగతి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఈ10కు సరిచేసిన పాత కార్లలో ఈ20 వల్ల మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. లీటరుకు 16 ఇచ్చే కారు 15కు దిగిందనుకోండి. పన్నెండు వేల కిలోమీటర్లకు 750 లీటర్ల బదులు 800 లీటర్లు కావాలి. లీటరు 108 రూపాయల చొప్పున ఏడాదికి అదనపు భారం 5,400. పోనీ ఇథనాల్ కలిసినందుకు ధర తగ్గిందా అంటే అదీ లేదు. ఇథనాల్ కొనుగోలు ధరే రిఫైనరీ పెట్రోల్ కన్నా ఎక్కువగా ఉందని 2025లో ప్రభుత్వం చెప్పింది. ఈ భారం మన చేతిలో లేదు. చేతిలో ఉన్నది దానిమీద ఇంకొంత మోయడమా, వద్దా అన్నదే.

లీటరుకు 15 వస్తే సాదా పెట్రోల్‌తో కిలోమీటరు ఖర్చు 7 రూపాయల 20 పైసలు. ప్రీమియం ఎనిమిది రూపాయలు ఎక్కువైతే, ఆ ఖర్చు పెరగకుండా ఉండాలంటే మైలేజీ 16.1కి ఎగబాకాలి. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ దాకా కొలిచి చూస్తే నా కారులో ఆ తేడా కనబడలేదు. ఇథనాల్ లేని 100 ఆక్టేన్ పెట్రోల్ లీటరు 160 దాకా ఉంది. దాంతో మళ్లీ 16 వచ్చినా కిలోమీటరుకు పది రూపాయలు పడుతుంది. అందుకే సాదా దగ్గరే ఆగాను. ప్రీమియం పోయిస్తే ఏడాదికి 6,400 అదనం అయ్యేది. దానికి బదులు నెలకు 500 చొప్పున కారు పేరున రికరింగ్ డిపాజిట్ కడుతున్నాను. ఈ20 మీద ఇరవై ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన కొన్ని పాత బండ్లకు రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని మంత్రిత్వ శాఖే అంది. ఆ అవసరం వచ్చేసరికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. మా మెకానిక్ సలహా కూడా అదే: "ఆ డబ్బులతో టైముకు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించండి సార్, ఫ్యూయల్ పైపులు చూపించుకోండి. బండికి అదే మేలు."

ఇంజన్‌ను నిజంగా దెబ్బతీసేది కల్తీ, నీళ్లు. కల్తీకి వాడే కిరోసిన్ ఆక్టేన్ చాలా తక్కువ, పూర్తిగా మండదు. ప్లగ్గులకు మసి పడుతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది. ఈ కల్తీ వ్యాపారం ఎంతకు తెగిస్తుందో 2005లో దేశమంతా చూసింది. కల్తీ జరుగుతున్న బంకును సీల్ చేయించిన ఇండియన్ ఆయిల్ యువ అధికారి మంజునాథ్‌ను ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో కాల్చి చంపారు. నీళ్ల సంగతి ఇంకో రకం. బంకు ట్యాంకులోకి వాన నీరు దిగితే ఇథనాల్ దాన్ని పట్టుకుంటుంది. నీరు మోతాదు మించితే ఆ రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. అది పోయించుకున్న బండి కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. ట్యాంకు దింపి కడిగించడానికి వేలల్లో అవుతుంది. మామూలు మోటార్ పాలసీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు వర్తించదు కాబట్టి ఆ ఖర్చు మన జేబులోంచే పోతుంది.

ఈ నష్టానికి అడ్డుకట్ట వేయడానికి పైసా ఖర్చు లేదు. బంకులో ఫిల్టర్ పేపర్ అడిగి నాజిల్ నుంచి ఒక చుక్క వేయించండి. రెండు నిమిషాల్లో మరక మిగలకుండా ఆరిపోవాలి. బంకువాళ్లు డెన్సిటీ రోజూ రాసి పెట్టాలి. అనుమానం వస్తే మీ ముందే కొలిచి చూపమనండి, రికార్డుకూ కొలతకూ తేడా మూడు పాయింట్లు దాటకూడదు. పోసే పరిమాణం మీద అనుమానముంటే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల డబ్బాతో పట్టించండి. 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు. అడిగితే ఇవన్నీ చేసి చూపించాల్సిన బాధ్యత బంకుదే. బిల్లు తప్పక తీసుకోండి. బిల్లు లేకపోతే ఫిర్యాదుకు బలం ఉండదు.

మాన్యువల్‌లో రాసిన ఆక్టేన్, అమ్మకం బాగా ఉన్న నమ్మకమైన బంకు, వేళకు సర్వీసు: మామూలు కారుకు ఈ మూడూ చాలు. ప్రీమియం పోయించే ముందు ఒక్క నెల కిలోమీటరు ఖర్చు రాసి చూడండి. మిగిలే డబ్బును కారు పేరునే దాచుకోండి.