బంగారు గనుల ఊరిలో రాత్రిపూట

కోలారు బంగారు గనులంటే చాలామందికి పగటి సంగతులే తెలుసును. షాఫ్టుల ఇనుప చట్రాలు, సైనైడు దిబ్బలు, దొరల బంగళాలు చూచి, చుట్టాలు సాయంకాలమయ్యేసరికి బస్సెక్కుతారు. "రాత్రి యిక్కడ ఉండి చూడవలసినదేమున్నది?" అని వారి అభిప్రాయము. ఉన్నదేదో మనవి చేస్తాను.

నేను బెంగుళూరులో ఒక ఆఫీసు గుమాస్తాను. తెల్లవారుజామున బండెక్కి వెళ్లి, రాత్రి బండికి తిరిగి వస్తాను. నావంటివారు మా ఊరిలో వేలమంది. బంగారుపేట దాటి మా లైనులోకి తిరిగిన తరువాత కోరమండల్, ఊరుగాం, ఛాంపియన్, చివరకు మారికుప్పం. స్టేషను స్టేషనులోను కొందరు ఖాళీ క్యారియర్లతో దిగి చీకటిలో కలిసిపోతారు.

స్టేషను నుంచి మా లైను ఇండ్లకు పోయే దారిలో ఒక టీ అంగడి వున్నది. ఒక బల్బు, రెండు బెంచీలు, ఒక క్యారం బోర్డు. అదే మా క్లబ్బు. బజ్జీలు వేగుతూ వుంటాయి. తమిళంలో పరిహాసము, తెలుగులో జవాబు, కన్నడంలో రాజకీయము, ఉర్దూలో పంపకము. గనిలో పనిచేసిన యిద్దరు ముసలివారు, ఛాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు పైగా లోతని పిల్లలకు చెబుతూంటారు. పదిన్నరకు అందరూ యిండ్లకు చేరుతారు. ఇంతే మా రాత్రి వినోదము. జపానులో కూడా రైలు దిగి యింటికి పోయే ఉద్యోగులు, దారిలో ఎర్ర కాగితపు లాంతరు కట్టిన చిన్న అంగడిలో కాసేపు కూర్చుంటారని చదివినప్పుడు, వారెవరో మనవాళ్లే అనిపించినది.

మా చిన్నతనంలో రాత్రి యింత నిశ్శబ్దము కాదు. గనులకు 1902లోనే శివసముద్రం నుంచి విద్యుత్తు వచ్చినది. బెంగుళూరు వీధులకు దీపాలు వచ్చినది 1905లో. మూడు షిఫ్టులు, షిఫ్టుకొక సైరను. నాన్న రాత్రి షిఫ్టుకు పోయిన నాడు భూమి లోపల రాయి పగిలితే, మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. ఆడవాళ్లందరూ వీధిలోకి వచ్చి, ఏ షాఫ్టులోనో తెలిసేదాకా గడపల మీద కూర్చునేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. సైరను ఆగినది. వెలుగు ముందుగా వచ్చిన ఊరివాళ్లము, కూటికోసం బెంగుళూరికి పోవలసి వచ్చినది.

"ఇంకా ఎన్నాళ్లండీ యీ రైలు? పిల్ల మీ మొహం ఆదివారమే చూస్తున్నది," అని మా ఆవిడ చాలాకాలంగా అంటున్నది. ఆమె మాటలో తప్పు లేదు. క్రిందటి కార్తీకంలో బెంగుళూరులో ఒక ఇల్లు కుదిరినది. మరునాడు అడ్వాన్సు యివ్వవలసి వున్నది. ఆ రాత్రి వాన. బండి దారిలో నిలిచిపోయి, నేను దిగేసరికి పన్నెండు. సెల్‌ఫోను ఎప్పుడో చచ్చిపోయినది.

చూస్తే టీ అంగడిలో బల్బు వెలుగుతూనే వున్నది. బెంచీమీద మా అమ్మ శాలువా కప్పుకొని కూర్చున్నది. పక్కన యిరుగుపొరుగువారు నలుగురైదుగురు.

"వస్తివా నాయనా? మీ నాయన కోసరం కూడా యిట్లే కూర్చొనుంటిని," అన్నది.

"ఇంత రాత్రిదాకా ఎందుకు మామా?" అని అంగడి ఆయన నడిగితే, "బండి రాకుండా పొయ్యి ఆర్పేదెట్లప్పా?" అన్నాడు.

ఇంటికి వచ్చి సంగటి, అనపగింజల పులుసు తిన్నాను. మా ఆవిడతో జరిగినది చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత, "పిల్లకు పదో తరగతి అయ్యేదాకా యిక్కడే వుందాం లెండి," అన్నది. ఆ తరువాత సంగతి ఆ తరువాత. ఎంతకాలమో నేను హామీ యివ్వలేను. బెంగుళూరులో యింటి తలుపు తీసేవారుంటారు గాని, బండి కోసం పొయ్యి ఆర్పకుండా కూర్చునేవారు వుంటారా?

మా ఊరు విడిచి పోయి స్థిరపడిన కుటుంబాలకు నాదొక మనవి. ఈసారి వచ్చినప్పుడు సాయంకాలపు బస్సెక్కకండి. ఒక్క రాత్రి వుండండి. చివరి బండి వచ్చే వేళకు టీ అంగడికి రండి. అమ్మ మిమ్మల్ని తప్పక గుర్తుపడుతుంది.