రేవూ కేవూ

నది దాటవలసినవానికి రేవు ఒక్కటే ఉన్నప్పుడు పడవవాడు అడిగినదే కేవు. కేవు అనగా పడవ దాటింపుకు చెల్లించే కూలి. పక్కనే మరొక రేవు వెలసిననాడు ఆ కూలి తనంతట తానే దిగివస్తుంది. పోటీ అనే మాటకు ఇంతకంటె సులువైన నిర్వచనం లేదు.

ఆలమూరు మండలంలోని జొన్నాడ వద్ద గౌతమిని దాటితే రావులపాలెం. అక్కడి అరటి మార్కెట్టుకు గెలలు తెచ్చిన రైతు, ఒక వ్యాపారి చెప్పిన ధర నచ్చకపోతే మరొకని వద్దకు నడుస్తాడు. ఆ నాలుగడుగుల స్వేచ్ఛయే అతని బలం. కొనేవాడు ఒక్కడే మిగిలిననాడు గెల ఎంత పెద్దదైనా రైతు చిన్నవాడవుతాడు.

ఆలమూరు విద్యార్థి వీడియో గేములు కొనే డిజిటల్ దుకాణం ఈ మార్కెట్టు వలె కంటికి కనిపించదు. అక్కడి సరుకుకు బరువు లేదు, గోదాము లేదు, లారీ లేదు. అయినను రేవు ఉంది, కేవు ఉంది. 2003లో ప్రారంభమైన స్టీమ్ దుకాణం ఆటల అమ్మకంపై సాధారణంగా 30 శాతం తీసుకుంటుంది. 2018లో ఒక ఆట రాబడి కోటి డాలర్లు మించితే ఆపై రాబడికి 25, ఐదు కోట్లు మించితే 20 శాతంగా సడలించింది. పెద్దవానికి కేవు తగ్గింది, చిన్నవానికి తగ్గలేదు. ఆ ఏడాది డిసెంబరులోనే ఎపిక్ సంస్థ 12 శాతంతో వేరొక రేవు తెరచింది.

అయితే రేవు తెరచినంత మాత్రాన జనం తరలిరారు. కొన్న ఆటలు, కూడిన మిత్రులు పాత దుకాణంలోనే ఉంటారు. పైగా, ఇతరచోట్ల తక్కువ ధరకు అమ్మనీయకుండా స్టీమ్ యజమాని వాల్వ్ అడ్డుపడుతున్నదని ఆరోపిస్తూ వుల్ఫైర్ అనే చిన్న సంస్థ 2021లో అమెరికాలో దావా వేసింది. వాల్వ్ దీనిని ఖండించింది. ఆరోపణ నిజమైతే, పక్క రేవులో కేవు తగ్గినా ఆ లాభం కొనుగోలుదారునికి చేరదు.

మన దేశంలోనూ ఈ ప్రశ్న విచారణకు వచ్చింది. ప్లే స్టోరులో తన చెల్లింపు పద్ధతినే వాడాలని నిర్బంధించినందుకు భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దానిని 216.69 కోట్లకు తగ్గించింది.

న్యాయమైన ధర అనగా అందరికీ ఒకే ధర అని భ్రమపడరాదు. ఒక దేశంలో కొన్న ఆట మరొక దేశంలో తెరచుకోకుండా అడ్డుకున్నందుకు 2021 జనవరిలో యూరోపియన్ కమిషన్ వాల్వ్‌కు, మరి ఐదు సంస్థలకు కలిపి 78 లక్షల యూరోల జరిమానా వేసింది. ఐరోపా ఉమ్మడి విపణికి అది న్యాయమే. కాని అమెరికా ధరనే ప్రపంచమంతటా అమలుచేస్తే కోనసీమ విద్యార్థికి ఆ ఆట అందని పండే. సమానత్వం వేరు, సమంజసత్వం వేరు.

కనుక ధరను మాత్రమే చూచి న్యాయాన్ని నిర్ణయించలేము. ఆ ధరను ఎవరు నిర్ణయించారు, కాదని వెళ్ళేందుకు మరొక దారి ఉన్నదా, తయారుచేసిన వానికి దక్కినదెంత అని విచారించాలి. ఈ మూడు ప్రశ్నలు అడగనేర్చిన కొనుగోలుదారులున్న చోటనే చట్టానికి బలం చేకూరుతుంది.