వృక్షవైద్యము – మా అనుభవములు

మనిషికి జబ్బు చేస్తే వైద్యుని దగ్గరకు పోతాము. పశువుకు జబ్బు చేస్తే పశువుల డాక్టరును పిలుస్తాము. చెట్టుకు జబ్బు చేస్తే మాత్రము గొడ్డలివానికి కబురు పంపుతాము. ఆ కబురు అందుకొనేవారము మేము. మేమిద్దరము అన్నదమ్ములము. ఈ కళాశాలలోనే చదివి, ఉద్యోగములు దొరకక, ఇరవై ఏండ్ల క్రిందట పాతబస్తీలో చెట్లు కొట్టే ఒక ఉస్తాదు వద్ద కూలికి చేరినాము. చెట్లు కొట్టేవారముగా మొదలై, తప్పులు చేసి, దిద్దుకొని, చెట్లకు చికిత్స చేసేవారముగా మారినాము. ఆ అనుభవములను వ్రాయవలసినదని సంపాదకవర్గము వారు కోరగా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ విద్య మన దేశమునకు కొత్తది కాదు. సురపాలుడు సంస్కృతములో వృక్షాయుర్వేదమను గ్రంథమునే రచించినాడు. నేడు ఈ పని చేసేవానిని ట్రీ సర్జన్ అంటున్నారు. మా ఉస్తాదుకు ఆ పేర్లేవీ తెలియవు. ఆయన చదివినది చెట్లనే. మోకు కట్టుటను మాత్రము కల్లుగీసే మిత్రుని వద్ద నేర్చుకొన్నాడట. మొదటి ఆరు నెలలు ఆయన మా చేతికి రంపము ఇవ్వలేదు. "బేటా, ముందు కింద నిలబడి పైకి చూడటం నేర్చుకోండి" అనేవాడు.

కింద నిలబడి నేర్చుకొన్న సంగతులు నేటికీ మాకు ప్రాణరక్షలుగా ఉన్నాయి. ఎక్కేవానికి కింద ఒక మనిషి కన్నులై ఉండవలెను. ఆ మనిషి బీడీ కోసము కూడా పక్కకు పోరాదు. నడుముకు కట్టుకొన్న తాడును కోయబోయే కొమ్మకు ఎన్నడూ కట్టరాదు. వినుటకు ఇది నవ్వు పుట్టించే మాట. కాని అలసిన సాయంకాలము, దిగే తొందరలో, తెలివిగలవారు కూడా ఈ పొరపాటు చేస్తారు. విద్యుత్తు తీగలు దగ్గరలో ఉంటే లైన్‌మన్ వచ్చి కరెంటు బందు చేసేవరకు చెట్టుపై చేయి వేయరాదు. పచ్చి కొమ్మలో నీరుంటుంది. నీటి గుండా విద్యుత్తు పారుతుంది. గాలివాన వెలిసిన మరునాడు పని ఎక్కువ, ప్రమాదము ఇంకా ఎక్కువ. వంగి చిక్కుకొన్న కొమ్మ ఎక్కుపెట్టిన విల్లు వంటిది. తెలియక ఒక్క కోత వేసినచో అది ఎగిరి మనిషిని కొడుతుంది.

రంపము చేతికి వచ్చిన తరువాత నేర్చిన పాఠము మూడు కోతల పాఠము. పెద్ద కొమ్మను ఒకే కోతతో పైనుండి కోస్తే, సగము తెగగానే అది తన బరువుకు తానే విరిగి, మాను మీది బెరడును నిలువునా చీల్చుకొని పడుతుంది. అందుచేత మానుకు ఒక జానెడు ఎడముగా, ముందు కింది నుండి మూడవ వంతు కోయవలెను. తరువాత దానికి కొంచెము అవతల పైనుండి కోయవలెను. బరువంతా పడిపోయిన పిమ్మట మిగిలిన మోడును మూడవ కోతతో తీసివేయవలెను.

ఆ మూడవ కోత ఎక్కడ అన్నదే ఈ విద్యలోని సారము. కొమ్మ మానును కలిసేచోట వేలికి ఉంగరము తొడిగినట్లు కొంత ఉబ్బు ఉంటుంది. కోత ఆ ఉంగరమునకు సరిగ్గా బయట పడవలెను. ఉంగరమును కోస్తే గాయము మానులోనికి పోతుంది. ఉంగరమునకు దూరముగా మోడు వదిలితే, ఆ మోడు కుళ్ళి, ఆ కుళ్ళు లోపలికి దారి చేసుకొంటుంది. ఉస్తాదు దీనిని కంటితో, చేతితో కనుగొన్నాడు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు ఎన్నో చెట్లను నిలువునా కోసి పరిశీలించి, దీని కారణమును 1977లో ప్రకటించినాడు. మన చర్మము వలె చెట్టు గాయము మానదు. చెట్టు గాయము చుట్టూ నాలుగు వైపుల గోడలు కట్టి, కుళ్ళును లోపలనే బంధించి, దాని మీదుగా కొత్త చెక్కను పెంచుకొంటుంది. చెడిన భాగము చెట్టు బ్రతికినంతకాలము లోపల ఉండనే ఉంటుంది. కాబట్టి గాయమునకు తారు పూయుట, తొర్రలో సిమెంటు నింపుట చికిత్సలు కావు. పైన తారు, లోన తేమ ఉంటే కుళ్ళుకే మేలు.

ఇంత తెలిసి వ్రాస్తున్నాము గదా, ఇదంతా మొదటినుండి తెలిసే పనిచేసినామని చదువరులు అనుకోరాదు. 2009లో ఒక వృద్ధురాలు మమ్ములను పిలిచినది. మేము ఆమెను ఖాలా అని పిలిచేవారము. ఆమె ఇంటి నడిమి వాకిలిలో పెద్ద వేపచెట్టు ఉండేది. "ఆకులు ఊడ్వలేకపోతున్నాను బేటా, నెత్తి కొట్టేయండి" అన్నది. ఉస్తాదు ఆ రోజు ఊరిలో లేడు. మేము మారు మాటాడక, చెట్టును మొండెముగా చేసి, 1,800 రూపాయలు పుచ్చుకొని వచ్చినాము. మూడు నెలలలో మొండెము చుట్టూ గుబురుగా చిగుళ్ళు వేసినవి. చూచి ఖాలా సంతోషించినది. మేము గర్వించినాము కూడా.

నాలుగేండ్ల తరువాత, మే నెలలో ఒక రాత్రి గాలిదుమారము లేచినది. ఆ చిగుళ్ళలో ఒకటి అప్పటికి మనిషి తొడంత లావైనది. అది మొదలంటా ఊడి, వాకిట వేసిన మంచము మీద పడినది. మంచము పట్టె విరిగినది. ఆ మంచము మీద పడుకొన్న ఖాలా మనుమడు, అంతకు ముందే, మంచినీళ్ళకని లేచి లోపలికి పోయినాడు. వాని వయస్సు అప్పుడు ఏడేండ్లు.

తెల్లవారి మేము పోయినాము. ఉస్తాదు కూడా వచ్చినాడు. ఆయన మాతో ఏమియు అనక, పడిన కొమ్మ మొదలును మా ముందు తిప్పి పెట్టినాడు. అది చెట్టు గుండెలోనుండి వచ్చిన కొమ్మ కాదు. మేము కొట్టిన చోట కుళ్ళిన చెక్క పైన, పలుచని తాజా పొరను మాత్రము పట్టుకొని పెరిగినది. లోపల చేయి పెడితే నల్లని పొడి రాలినది. ఖాలా మమ్ములను తిట్టలేదు. "కొట్టమని నేనే అన్నాను. చెట్టు సంగతి నాకేమి తెలుసు? మీకు తెలియదా?" అని మాత్రము అడిగినది. ఆ ప్రశ్నకు ఆనాడు మా వద్ద జవాబు లేదు. ఆనాటి నుండి, డబ్బు ఎంత ఇస్తామన్నా, ఏ చెట్టు నెత్తిని మేము కొట్టలేదు. ఇంటివారు అడిగిన పని చేయుటయే ధర్మమని అంతవరకు అనుకొన్నాము. అడిగిన పని తప్పైనప్పుడు తప్పని చెప్పుట కూడా మా కూలిలో భాగమని ఆ మంచము నేర్పినది.

ఆ పాఠము మన కళాశాలకు అక్కరకు వచ్చినది. 2021 వర్షాకాలములో తెలంగాణ అంతటా వేపచెట్లు కాలినట్లు గోధుమరంగుకు తిరిగి ఎండినవి. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము వలన కొమ్మల కొసలు ఎండే తెగులు అది. మన ఆవరణలోని పెద్ద వేప కూడా ఎండినది. చచ్చిన చెట్టు విద్యార్థుల మీద పడుతుందేమో, కొట్టివేయవలెనని కళాశాల కమిటీ వారు మమ్ములను పిలిచినారు. వారి భయము అన్యాయమైనది కాదు. ఖాలా వాకిట మంచమును చూచిన మాకు ఆ భయము మరింత తెలుసు.

మేము చెట్టెక్కి, గోటితో కొమ్మల బెరడును అక్కడక్కడ గీరి చూచినాము. కొసలలో గోధుమరంగు, మూర దిగితే లోపల పచ్చదనము. పచ్చగా ఉన్న కొమ్మ బ్రతికి ఉన్నట్లే. ఉగాది వరకు గడువు ఇమ్మని అడిగినాము. "ఈ లోపల ఏదైనా పడి ఎవరికైనా తగిలితే ఎవరు జవాబుదారి?" అని ఒక సభ్యుడు అడిగినారు. ప్రమాదము లేదని మేము అనలేదు. సైకిళ్ళ షెడ్డు పైకి చాచిన ఒక కొమ్మ మాత్రము నిజముగా చచ్చినది. దానిని మూడు కోతలతో ఆ వారములోనే దించినాము. వానలు వెనుకబట్టిన పిమ్మట ఎండిన కొసలను కోసి, రాలినవాటితో పాటు తగులబెట్టినాము. మొదలు చుట్టూ పోసిన సిమెంటు గద్దెను ఒక గజము మేర పగులగొట్టి, వేళ్ళకు గాలి, నీరు అందనిచ్చినాము. చెట్టు కింద తాడు కట్టి, ఉగాది వరకు ఎవరినీ కూర్చుండనీయవద్దని కోరినాము. కమిటీ వారు ఆ మాట పాటించినారు. ఉగాదికి వేప చిగిర్చి పూసినది.

మహబూబ్‌నగర్ సమీపములోని పిల్లలమర్రికి 2018లో జరిగిన చికిత్స చాలమంది వినే ఉంటారు. వందల ఏండ్ల ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగినప్పుడు, అటవీశాఖ వారు సెలైను సీసాలను వ్రేలాడదీసి మందును చుక్కచుక్కగా ఎక్కించినారు; వాలిన కొమ్మలకు స్తంభములు నిలిపినారు. పెద్ద చెట్టుకు ఓపికతో చేసిన పని వృథా కాదని చెప్పుటకే దీనిని తలచినాము.

ఇక మన ఇండ్లలో చెట్లున్నవారికి కొన్ని మాటలు. ఒక ఏడాదిలో పచ్చదనములో నాలుగవ వంతుకు మించి తీయకండి. వానలకు ముందే ఎండుకొమ్మలు, చీలిన పంగలు చూపించుకొనండి. కొమ్మపై పిట్టగూడు ఉంటే, ప్రమాదము లేనంతవరకు, పిల్లలు ఎగిరిపోయే దాకా ఆగండి. మొదలు చుట్టూ సిమెంటు పోయకండి. మానుకు మేకులు కొట్టకండి, ఇనుప తీగ బిగించకండి. మాను లావెక్కేకొద్దీ తీగ బెరడులోనికి కోసుకొనిపోతుంది. చెట్టును పూర్తిగా తీయవలసివస్తే, 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము ముందుగా అనుమతి పొందండి. మేము కూడా కొన్ని చెట్లను తీసినాము. లోపలంతా డొల్లయై, బడి పిల్లల దారి మీదికి వాలిన చెట్టును నిలిపి ఉంచుట దయ కాదు.

ఉస్తాదు నేడు లేడు. 1908లో మూసీ వరద వచ్చినప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 150 మందిని కాపాడినదను కథను ఆయన తరచు చెప్పేవాడు. ఆ చెట్టు నెత్తిని అంతకు ముందెవరైనా కొట్టి ఉంటే వారంతా ఏ కొమ్మను పట్టుకొనేవారని మమ్ములను అడిగేవాడు.

విద్యార్థులారా, సైకిళ్ళ షెడ్డు వైపు నిలబడి మన వేపను ఒకసారి చూడండి. రెండవ పంగకు పైన గుండ్రని మచ్చ కనబడుతుంది. అది మేము చేసిన గాయము. మొదట అది పళ్ళెమంత ఉండేది. చుట్టూ కొత్త బెరడు మడతగా పెరిగి పెరిగి, ఇప్పుడు నడుమ చిన్న గుంట మాత్రమే మిగిలినది. అది పూర్తిగా మూసుకొన్న నాడు మాకు ఒక కార్డు ముక్క వ్రాయండి. వచ్చి చూస్తాము.